రాత్రి రెండు గంటల పిలుపు

అరవై ఒక్క రోజులుగా
మా ఇంటి కంప్యూటరు ఒకే ముక్క రాసుకుంటోంది:
"దాలినాయుడు ఫోను. దొరకలేదు."

అత్తమ్మ ఫోను దొరుకుతోంది, రోజూ.
అందులో ఆవిడ బొటనవేలు ఫొటోలు నాలుగు,
సీలింగ్ ఫ్యానుది ఒకటి.
అవి మాత్రం తేదీల వారీగా భద్రం.
హిమజ ఫోనూ దొరుకుతోంది.
ఆయనదే లేదు.

ముందు వైరుని అనుమానించాను.
కూర్మన్నపాలెంలో లోహం ఏదైనా అనుమానించాల్సిందే,
గేటు బోల్టుని తిన్న ఉప్పుగాలి
ప్లగ్గు పిన్నుని వదులుతుందా?
హిమజ రబ్బరుతో రుద్దాను. పచ్చటి పొడి రాలింది.
దొరకలేదు.

కేబులు గౌరీశుకి ఫోన్ చేశాను.
"కరెంటు పోయొచ్చినప్పుడల్లా
మీ కంప్యూటరు డోర్ నంబరు మారిపోద్దక్కా.
ఒక్క నంబరుకే కట్టేయండి."
పెయ్యని రాటకి కట్టినట్టు కట్టేశాను.
దొరకలేదు.

బ్యాటరీ మిగుల్చుకుందామని
ఫోనే ఈ పనిని నిద్రపుచ్చుతోందేమో,
అది కూడా సరిచేశాను.
"ఏటే, పొద్దుట్నించి ఆ డబ్బాతో దెబ్బలాట?
తాలింపు మాడిపోతంది!"
మాడింది. దొరకలేదు.

చివరికి, ముందే చెయ్యాల్సిన పని చేశాను:
అది రాసుకున్నదంతా వరసగా చదివాను.
రెండు గంటలకి. రెండూ పదికి. రెండూ ఇరవైకి.
ప్రతి రాత్రీ మూడుసార్లు.

ఆ టైము పెట్టింది నేనే.
పోయినేడాది, ఆయనకి జనరల్ షిఫ్టు ఉన్నప్పుడు,
ఇల్లంతా నిద్రపోయాక, ఫోన్లన్నీ ఛార్జింగులో ఉండగా
ఎవరికీ అడ్డం లేకుండా అవుతుందని.

కాంట్రాక్టరు మారాడు. సి షిఫ్టు ఖాయమైంది.
నేను క్యారేజీ టైము మార్చాను,
కిటికీకి దుప్పటి కట్టాను,
పగలు కుక్కరు పెట్టడం మానేశాను.
కంప్యూటరుకి చెప్పడం మరిచిపోయాను.

పాపం, అది రాత్రి రెండింటికి లేచి
చీకట్లో ముమ్మారు పిలిచి
పలక్కపోతే రాసుకుని పడుకుంటోంది.
సెలవు రాత్రి ఆయన ఇంట్లోనే ఉన్నా
ఛార్జింగు పెట్టడం మరిచి పడుకుంటాడు,
ఛార్జింగులో లేని ఫోన్ని అది ముట్టుకోదు.

పగలు పదకొండు అని మార్చాను.
దిండు పక్కన ఫోను. ఫోనుకి తీగ.
గురక మొదలైన కాసేపటికి
ముందు గదిలో చిన్న దీపం రెపరెపలాడింది.
అరవై ఒక్క రోజులు, ఒకదాని వెనక ఒకటి,
చెప్పులు విప్పుకుని లోపలికొచ్చాయి.

కాపీ అయితే చాలదు, తెరిచి చూడాలి.
సగమే వచ్చిన ఫొటో అడుగున బూడిదరంగులో ఉండిపోతుంది.
అందుకే తెరిచాను, ఇంకెందుకూ కాదు.
సైకిల్ స్టాండు. గేటు బయట టీ గ్లాసు.
ఒక కుంటికుక్క, చాలాసార్లు.
ఆరుంపావుకి గంగవరం వైపు తెల్లారడం,
నాకెప్పుడూ పంపనివి.

తర్వాత ఒక ముంజెయ్యి.
ఎర్రగా, బొబ్బలెక్కి.
నాలుగు రోజులాగి అదే చెయ్యి, గోధుమరంగు పొక్కు.
మరో వారానికి అంచుల్లో గులాబీ చర్మం.
తేదీల వారీగా, భద్రం.

మే నెల్లో పొడుగు చేతుల చొక్కా ఏంటంటే
"దుమ్మే" అన్నాడు.
నిద్రలో కూడానా అని నేనడగలేదు.

ఈ పనిలో ఆఖరి మెట్టు ఒకటుంది, చాలామంది వదిలేస్తారు:
నకలు అసలుతో సరిపోయిందా అని పోల్చుకోవడం.
తలుపు చప్పుడు కాకుండా తోశాను.
మణికట్టు దగ్గర గుండీ విప్పాను.

కళ్లు తెరవకుండానే
"అయిపోనాదేటి?" అన్నాడు.

"ఇంకా లేదు" అన్నాను.