దించు

ఫొటోల నేనుండ.
ఉంటే నా చేతులుంటయి,
సింధు నడుముకు జానెడు దూరంల,
ఎవరివో చెప్పలేని రెండు చేతులు.

చండూరు కాలేజీ చీర్ జట్టుల
నా పని పడకుంట ఆపుడు కాదు.
పడ్డప్పుడు నేల కంటె ముందుండుడు.

సువార్త మేడం మొదటి నాడే
ముక్కుపుల్లలు తీయించింది, గోళ్లు చూసింది,
నోట్లె బబుల్‌గం ఉంటె ఉమ్మేయమన్నది.
ఎల్లేశ్వరి మెట్టెలు తీయనన్నది. కొత్త పెండ్లి.
మేడం ఏమనలే. సబ్బు నీళ్లు తెచ్చింది.
రెండు మెట్టెలూ జామెట్రీ డబ్బాల పెట్టి
ఆట అయినంక తనే కింద కూసొని
ఒక్కొక్క వేలికి తొడిగింది.
ఆ దినం సంది ఎవరం ఎదురు మాట్లాడలే.

పరుపులకు కాలేజీల పద్దు లేదు.
మిర్యాలగూడ మిల్లుల ఊక అడిగి
గోనె సంచుల్ల కుట్టి మీద బొంతలు పరిచినం.
ఊక మీద రెండు వరుసలే, అన్నది మేడం,
మూడోది నిజం పరుపులొచ్చిననాడు.
ఏడు నెలలు రాలే.
ఏడు నెలలు మూడో వరుస
నల్లబల్ల మీద సుద్దముక్కతోనే ఎక్కింది.

ఎముకల సంగతి మాకు ఒకరు చెప్పనక్కర లేదు.
మర్రిగూడ దిక్కు అప్పటి బోరు నీళ్లు
మా నాయనమ్మ మొకాన్ని మట్టి దిక్కు తిప్పినయి.
చుక్కలు చూడాలంటే ఆమె
మంచంల ఒక పక్కకు ఒరగాలె.
సింధు ముచ్చట చెప్తే అందరూ అడిగేది
ఎవరు లేపుతరు, ఎంత ఎత్తు అని.
నాయనమ్మ అడిగింది:
మరి దించేదెవరే?

ఆ మాట మా జట్టుల ఉన్నది.
దించు.
ఎవరన్న అనొచ్చు. ఎక్కినామె, మోసేటామె,
అంచుకు నిలబడ్డ నేను.
అన్నంక పాదాలు నేలకు తాకేదాక
ఎందుకని అడుగొద్దు.
ఒప్పుకున్ననాడు అల్కగనే ఉండె.

ఎనిమిదో నెల పరుపులొచ్చినయి.
పదో నెల నల్లగొండ స్టేడియంల పోటీ.
పాట, జడ్జీలు, గరగరమనే మైకు.
ఆరో లెక్కకు సింధు మూడో వరుసకు లేచింది.
నేను సింధునే చూడాలె. అదే నేర్పిండ్రు:
కండ్లు నడుము మీద,
మొకం మీద కాదు, జనం మీద కాదు.
కానీ కింద ఎల్లేశ్వరి పొడుగు చేతుల అంగీ
మణికట్టు కాడ లావుగున్నది. లోపల గుడ్డ కట్టు.
బొటనవేలు వణుకుతున్నది,
మోటారు ఆగేముందు బాయికాడ పైపు వణికినట్టు.

దించు, అన్న.
నా గొంతు నాకే చిన్నగ వినబడ్డది.
మళ్ల అన్న.

దించిండ్రు. ఎంత మంచిగ దించిండ్రంటే
అదీ ఆటల భాగమే అనుకొని జనం చప్పట్లు కొట్టిండ్రు.
పాట మాత్రం మేము లేకుంటనే చివరిదాక పోయింది.

అయిదో స్థానం.
ఆరు జట్లల.

ఎక్స్‌రేల ఏం విరగలే. వాపు. మూడు వారాల కట్టు.
ఏం విరగలేదంట, అని
నాకు నలుగురు చెప్పిండ్రు, నాలుగు గొంతులతోని.
ఎల్లేశ్వరి మాత్రం, ఇంట్ల దుప్పట్లు పిండుతుంటె బెణికింది,
చెప్తే తీసేస్తరనుకున్న, అన్నది.
మేడం ఆ మాట విని చాలాసేపు
విజిల్ తాడును వేలికి చుట్టుకుంట నిలబడ్డది.
తెల్లారి గోడ మీద రాసింది:
నొప్పి చెప్పినామె పేరు జట్టుల నుంచి పోదు.

బస్సుల సింధు నా పక్క కూసోలే.
పైకెల్లి చూస్తే గ్యాలరీ చివర మా నాయన కనబడ్డడు,
ఇంకో రెండు లెక్కలుంటే చెయ్యి ఊపుదును,
అన్నది, సోమవారం నాడు.
నా దగ్గర జవాబు లేకుండె.

ఇయ్యాల ఎల్లేశ్వరి జాగల తస్లీం.
సింధు పరుపుల మీదికి వచ్చి
ఎనక్కి తిరిగి చూసింది, నేనున్ననా అని.
మళ్ల అంటవా?
అంట.
సరే.

తస్లీం చేతికి ఆఖరి గాజు
సబ్బు నురుగుల ఇరుక్కున్నది, రాదు.
ఎవరం తొందర పెట్టలే.