ఏడో గడి

ఇరవై ఒకటి నిండిన మర్నాడే
నాన్న కంపెనీ కార్డులోంచి రాలిపోయాను.

షార్జా రోలాలో, జిరాక్సు షాపు పైన,
ఏసీ నీళ్లు బకెట్లో పడే గదిలో
ఏజెంటు కుంజుమోన్ మూడు కాగితాలు పరిచాడు.
ఇది చవక, క్లినిక్కులు నాలుగే, అన్నీ అజ్మాన్‌లో.
ఇది మధ్యరకం, మందుల బిల్లులో ముప్పై శాతం నీదే.
మూడోది తనే మడిచి పక్కన పెట్టాడు,
నా చెప్పులు చూసి కాబోలు.

పళ్లకి రాదు. కళ్లద్దాలకి రాదు.
జ్ఞానదంతానికి అసలే రాదట.
నవ్వొచ్చింది,
నాకూ అదింకా రాలేదు.

ఏడో గడి: పాత జబ్బులున్నాయా?
"లేవని కొట్టెయ్ హెప్సీ, ఎవరు చూడొచ్చారు"
అంది తోడొచ్చిన మెహజబీన్.
కిటికీ అవతల దుమ్ముగాలి
ఎదురు బిల్డింగుని సగం మింగింది.
నా ఛాతీలో పిల్లి లేచి
ఒక్కసారి కూసింది.

ఉన్నాయని టిక్కు పెట్టాను.
కాలిక్యులేటర్ మళ్లీ నొక్కాడాయన:
నాలుగొందల దిర్హాములు ఎక్కువ,
ఉబ్బసానికి ఆర్నెల్లు ఏమీ ఇవ్వరు.

మెట్ల మీద ఇన్‌హేలర్ తిప్పి చూశాను.
వెనక బుల్లి కిటికీలో అంకె,
పదిహేడు.

గాలి తగ్గేదాకా జిరాక్సు షాపులోనే నిలబడ్డాను,
అక్కర్లేని కాగితమేదో
కాపీ తీయించుకుంటూ.