నాలుగో గడి

జనన మరణాల సెక్షన్లో పదహారేండ్లుగా ఉండా.
కిటికీకి ఇవతల ఫ్యాను, అవతల కడప ఎండ.
పుట్టినోళ్లకు పచ్చ అట్ట, పోయినోళ్లకు ఎర్ర అట్ట,
రెండింటికీ జిగురు ఒకటే.

నాలుగో గడి పేరుది.
పుట్టిన్నాడు చానామంది దాన్ని ఖాళీగా వదిలిపోతారు.
ఊరికి ఏ గాలి సోకిందో ఆ గడి చూస్తే తెలుస్తాది:
పెద్ద దర్గా ఉరుసు దాటినాక మస్తాన్లు,
సినిమా ఆడినన్నాళ్లు ఆ హీరోయిన్లు,
ఇప్పుడైతే నోరు తిరగని అంశ్‌లు, అన్వికలు.

మొన్న మరియాపురం నుంచి ముగ్గురొచ్చినారు,
ఒడిలో నాలుగో మనిషి.
తండ్రి అరుళప్ప, కనుబొమ్మల మీద
బండల పాలిష్ ఫ్యాక్టరీ దుమ్ము.
తల్లి సునీల ఫోన్ తెరిచి నా ముందర పెట్టింది.
అనయీస్.
"ఫ్రెంచి పేరు సార్. మన కడపలో ఇంకెవురికీ లేదు."
ఇంగ్లీషు ఐ నెత్తిన రెండు చుక్కలు.
మా కంప్యూటరు చుక్కలు తీసుకోదమ్మా అన్నా.

ముసలామె ముందుకొంగింది.
"ఏందీ, ఐసా?
పిల్లకు ఐసు పేరేందిమే!"
మళ్లీ తనే,
"పోనీలే, నడెండల్లో పుట్టింది. సల్లగుంటాది."

ఫోన్లో కింద ఇంకా రాసుంటే చదివినా.
ఆ దేశంలో దక్షిణాది పల్లెలోళ్లు
అన్నా అనే పేరును ముద్దుగా అట్ల పిలుస్తారంట.
ముప్పై ఏండ్ల కిందట అక్కడ బళ్లో హాజరు పిలిస్తే
బెంచీకొకరు లేచేవాళ్లంట.
ఇప్పుడు మోజు తగ్గిందంట.
"అన్నా అంటే ఎవురు సార్?"
"మరియమ్మ తల్లి. మన అన్నమ్మ."

సునీల మొగం మాడింది.
నెలల తరబడి ఇంట్లో రగడంతా
ఆ పేరు మీదనే నంట.
ముసలామె వాళ్లమ్మ పేరు నిలపమంటే
అన్నమ్మ ఏంది, రోకలిబండ మాదిరి, అనిందంట ఈమె.
అరుళప్ప నవ్వు దాచుకునేకి
గోడమీది క్యాలెండరు తట్టు తిరిగినాడు.

సాక్షి పేరు రాయాల.
"నీ పేరవ్వా?"
"లూర్దమ్మ."

పాత రిజిస్టరు గుర్తొచ్చింది. యాభై ఎనిమిది.
చెదలు తిన్న అంచులు.
ఆ ఒక్క ఏడు మరియాపురం పేజీల్లో
లూర్దమ్మ, లూర్దు మేరి, లూర్దయ్య, మళ్లీ లూర్దమ్మ.
గుమాస్తా చెయ్యి నొచ్చి
కింద కింద సదరు, సదరు అని లాగించినాడు.
ఆ ఊరు యాడుందో ఆయనకు తెలుసో లేదో.
ఫ్రాన్సులో, కొండల కింద.
అప్పటికి నూరేండ్ల ముందు
ఒక పేద పిల్ల మన్ను గీకితే నీళ్లూరిన చోటు.
ఆ నూరేండ్ల పండగకు
ఈడ పుట్టిన బిడ్డలకంతా ఆ ఊరు తగులుకుంది.

"అమ్మా, నువ్వు ఎతికిన ఫ్రెంచి పేరు
మీ అత్త మోస్తాంది అరవై ఏండ్ల పైన,"
అన్నా.
ఎవురూ ఏం మాట్లాడలే.

నా సంగతీ చెప్పాల.
బల్ల మీది బోర్డులో బి.వి. అని రాయించుకున్నా గానీ
బుగ్గన్న నేను.
బళ్లో బుగ్గ గిల్లి ఏడిపించేవాళ్లు.
బుగ్గంటే ఊటరా, నీళ్లురా అని చెప్పినా
ఆ వయసులో ఎవురింటారు?
వాన ఎగ్గొట్టే సీమలో
నీళ్లు యాడ ఊరినా ఆడికి పోయి పేరు తెచ్చుకుంటాం,
వంక దాటైనా, సముద్రం దాటైనా.

"ఆ ఊరికి పోయినావా అవ్వా?"
"నేన్యాడ పోయేది నాయనా.
ఫాదరొకాయప్ప సీసా తెచ్చిచ్చినాడు,
మరియమ్మ ఆకారం, నెత్తిన నీలం మూత.
ఆ నీళ్లు అయిపోయి చానా ఏండ్లాయ.
బోరు నీళ్లే పోసి పెడతా.
జరమొస్తే అవే తాపుతా.
తగ్గుతాది."

సర్వరు తిరగతానే ఉంది. సోమారం రమ్మని పంపిచ్చినా.
ఈ పొద్దు బేస్తవారం. వాళ్లు రాలే.
ఫారం నా సొరుగులోనే ఉంది,
నాలుగో గడిలో పెన్సిలు రాత,
చెరిపేకి వీలుగా.
ఐ నెత్తిన ఆ రెండు చుక్కలు మాత్రం
పెన్నుతో పెట్టినా.
కంప్యూటరు సంగతి తర్వాత.