చెవి, కప్ప

ఆదివారం తెల్లారితే చాలు
నెల్లిమర్ల బస్సులో కిటికీ పక్కనుంటాను.
ఆరు రోజులు మగ్గాల మోత మోసిన చెవులకి
విజయనగరం గోల కూడా చల్లగానే ఉంటుంది.

గంటస్తంభం దాటి, గొడుగులు బాగుచేసే సాయిబు అరుగు దాటి,
రోడ్డు వారన గోనెపట్టా మీద
లెంక గవరమ్మ పరుచుకున్న సామ్రాజ్యం.
చిల్లుపడ్డ గంగాళం,
చిమ్నీ లేని లాంతరు,
బుడితి పనేనని ఆవిడ ఒట్టేసే మరచెంబు,
ఎవరి పెళ్లిలోనో ఎవరో చదివించిన పళ్లెం.
చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు
అంట్లు తోమి తోమి అరిగి
"పోలినా" దగ్గర ఆగిపోయింది.

నాకవేవీ అక్కర్లేదు.
గొంతుక్కూచుని, ఇనప తుక్కులో మోచేతి దాకా చెయ్యి పెట్టి
బురదలో కొర్రమట్టని తడిమినట్టు తడుముతాను.
మేకు. బోల్టు. సైకిల్ బెల్లు మూత.
ఆపైన
వేళ్లకి సన్నగా, చల్లగా, పళ్లతో తగిలేది.
గుండె ఒక్కసారి గెంతుతుంది.

తాళంచెవి.

అరచెయ్యంత పొడుగువి,
ట్రంకుపెట్టెల బుల్లి చెవులు,
గుండ్రటి తలకి ఎర్రదారం ఇంకా కట్టే ఉన్నవి.
ఎవరి బొడ్లో దోపుకు తిరిగారో,
ఏ రాత్రి పారేసుకుని ఇల్లంతా తిరగేశారో.
నలభై మూడయ్యాయి.

"కప్ప లేని చెవుల్నేటి సేసుకుంతావు,
కూరొండమంతావా?" అంటుంది మా గున్నమ్మ.

ఆషాఢం గాలి రేగిన ఓ ఆదివారం
పట్టా మూల పటపటా కొట్టుకుంటూంటే అటు చూశాను.
బరువుకి పెట్టిన ముద్ద.
మూడేళ్లుగా దాని ఎదురుగానే కూచుంటున్నాను,
రాయనుకున్నాను.
వానకి తడిసి, బురద కప్పుకుని
అచ్చం కప్పలాగే కూచుంది
ఇత్తడి తాళంకప్ప.

"తియ్యకు బావూ! అదొగ్గేస్తే పట్టా ఎగిరిపోతాది.
అమ్మడానికి కాదది."

ఆ వారం మిల్లులో ఎన్ని పోగులు తెంపానో
మేస్త్రీనడగండి.

మళ్లీ ఆదివారం
చంపావతి ఒడ్డున ఏరిన రాయి ఒకటి సంచిలో వేసుకుని,
గుత్తి మొత్తం మొలకి కట్టుకుని వెళ్లాను.
రాయి పట్టా మీదికెక్కింది. కప్ప నా ఒళ్లోకొచ్చింది.
రెండు చుక్కలు కొబ్బరినూనె.
పదకొండోది దూరింది, తిరగలేదు.
ఇరవయ్యారోది సగం తిరిగి అలిగింది.
చెరుకురసం బండి కుర్రాడు పని మానేసి
పైకే లెక్కపెడుతున్నాడు.
ముప్ఫై ఎనిమిది...
ముప్ఫై తొమ్మిది...

టక్.

అంతే. నోరు తెరిచింది.
ఎన్నేళ్ల నుంచి బిగబట్టిందో ఊపిరి,
కుర్రాడు ఈలేశాడు, సాయిబు గొడుగు దించాడు,
నేను మాత్రం ఆ చెవి వైపే చూస్తున్నాను.
కరోనాకి ముందు, ఐదు రూపాయలకి,
ఇక్కడే, ఈ పట్టా మీదే కొన్నది!

గవరమ్మ మొహం మారింది.
"ఇన్నాళ్లూ సెత్త. ఇప్పుడు జత.
జతకి నాలుగొందలు."

"చెవి నాదే కదమ్మా!"
"కప్ప నాది కాదేటి?"

రెండొందల డెబ్బై దగ్గర
ఇద్దరికీ దాహమేసింది.
మూడొందలిస్తే ముప్ఫై తిరిగిచ్చి
పది మళ్లీ లాక్కుంది,
నా రాయి బరువు సాలదట.

తిరుగు బస్సులో
వేస్తాను, తీస్తాను, వేస్తాను.
టక్. టక్.
పక్క సీటు ముసలాయన ఓర్చుకుని ఓర్చుకుని
"ఓపాలి నాకియ్యి" అని చెయ్యి చాపాడు.
రామతీర్థం మలుపు దాకా ఆయనే వేశాడు, ఆయనే తీశాడు.

మా తలుపుకి గొళ్లెం చాలు,
దొంగకి పనికొచ్చేదేమీ లేదు మా ఇంట్లో.
దండెం మేకుకి తగిలించాను, నోరు తెరిచే.
గున్నమ్మ ఏమీ అనలేదు.
నేనటు తిరిగినప్పుడు ఒక టక్ వినిపించింది.

గుత్తి కాస్త తేలికైంది.
మిగిలిన నలభై రెండూ
వచ్చే ఆదివారం కోసం
ఇప్పట్నుంచే రిక్కించుకుని ఉన్నాయి.