డీజిల్ కోటా

ముటారే నగరసభలో నేను గుమాస్తాని.
నలుగురు మేయర్లకి తలుపు మీద పేరు మార్చాను.
మాషింగైద్జే పేరొక్కటే పలకలో పట్టలేదు,
చివరి అక్షరం అంచుకేసి వాలింది.

గెలిచిన రాత్రి సకుబ్వా సందుల్లో ఈలలు, పళ్ళేల మోత.
పొద్దున్నే రాజధాని నుంచి ఫోను:
"అభినందనలు. డీజిల్ కోటా మాత్రం ఈ నెల కుదరదు."
చెత్త లారీ కదల్లేదు.
కంపు ఎవరిదో
రేడియోలో మంత్రిగారు వివరించారు.

పదకొండు నెలలు.
మేం పంపిన బడ్జెట్ కవరు
విప్పకుండానే తిరిగొచ్చేది, మా జిగురు మాకే.
ఆయన సాధించింది ఒకటే, బస్టాండు దగ్గర కుళాయి.
దానికీ రిబ్బను కత్తిరించింది మంత్రిగారే.

ఆ తర్వాత సస్పెన్షన్:
రెండు వాక్యాలు, మూడు ముద్రలు.
మెళ్ళో గొలుసు తీసి నా బల్ల మీద పెట్టాడు.
"తూచి తీసుకో. రేపు తరుగుందంటారు."

నిన్న ఆ కుళాయి దగ్గరే వరుసలో కనిపించాడు,
పసుపు డబ్బా మోకాలికి ఆనించుకుని.
టొమాటోలమ్మే చెనాయ్ అరిచింది:
"మేయరూ, మా వీధి కాలవ పూడి ఎన్నాళ్ళయింది?"
జేబు తడుముకున్నాడు. పెన్ను లేదు.
నాది ఇచ్చాను.
అరచేతి మీద రాసుకున్నాడు, వీధి పేరుతో సహా.

నీళ్ళు పట్టేటప్పుడు
ఆ చెయ్యి తడవనివ్వలేదు.