ఖలాస్ లేని కాయితం

నాకు ఎరుకైన ఒప్పందాలన్నీ
భూమిని చేతిలకెల్లి గుంజుకున్నయే.
అరెకరం వీసాకు పోయిన నాడు
మెట్‌పల్లి రిజిస్ట్రార్ ఆఫీసుల
బొటనేలుకు పూసిన సిరా
ఎంత రుద్దినా విమానం ఎక్కేదాక వదల్లేదు.

అందుకే రాస్ అల్ ఖైమా అవతల
ఈ ఇసుక తోటల
వకీలు సంచి విప్పంగనే
కల్థమ్ అమ్మ గూడ అమ్ముకుంటున్నదనుకున్న.
మేనల్లుళ్ళు రెండేండ్ల సంది తిరుగుతున్నరు,
విల్లాల బొమ్మలు పట్టుకొని.

"చెట్లు లెక్కవెట్టు రాజం" అన్నది.

గాఫ్ అంటరు వీళ్ళు.
మా జమ్మే.
అదే ముల్లు, అదే సన్నాకు,
వాన మొహం చూడకున్నా పచ్చగుండే
అదే మొండితనం.
పాత లుంగీ చింపి
ఒక్కో మొదలుకు ఒక్కో పేలిక కట్టిన.
నలభై మూడు.
సర్వేయర్ నలభై ఒకటే అన్నడు:
"మోకాలెత్తు మొలకలు చెట్లెట్లయితయ్?"
మేకల నోటికి అందకుండ
వాటి సుట్టు కంప నాటింది నేను.
ఎండల నిలవడి కొట్లాడిన.
చివరికి రాసుకున్నడు,
నలభై రెండు, నలభై మూడు.

వకీలు అరబ్బీల చదివి నాకు హిందీల చెప్పిండు:
ఇల్లు కట్టద్దు. గోడ పెట్టద్దు.
కొత్త బోరు వేయద్దు.
ఎండి రాలిన కొమ్మ ఏరుకోవచ్చు, పచ్చిది నరకద్దు.
ఒంటె వస్తే రానియ్యాలె.
అమ్మినా, పంచుకున్నా
భూమెంబడే ఈ మాట పోవాలె.

ఎన్నేండ్లకు? అని అడిగిన.
నా కాయితాలన్నిటికీ ఆఖరు తారీఖుంటది,
వీసాకు, బతాకాకు, ఇన్సూరెన్సుకు,
షుగరు గోలీల డబ్బాకు.
వకీలు పెన్నుకు మూత పెట్టి
"దీనికి ఖలాస్ లేదు" అన్నడు.

సాక్షి కాడ నా పేరు
కుడికెల్లి ఎడమకు నడిచింది.
గంగరాజం కాస్త ఘంఘరాజం అయ్యింది.
కానియ్, చెట్లకు తెలుసు.
మళ్ళ అదే వేలు, అదే నీలం.

ఆ యేడు దసరా శుక్రవారం వచ్చింది.
ఆకు తెంపద్దని కాయితంల లేదు గదా అని
పెద్దదాని కొమ్మకు రెండు రెమ్మలు గిల్లి
కల్థమ్ అమ్మ ముందర
ఖర్జూరాల పళ్ళెంల పెట్టిన.
"మా కాడ ఇది బంగారం."
ఆమె అటు తిప్పి ఇటు తిప్పి చూసి
నోట్లె ఏసుకొని నమిలింది.
కరువుల మా అమ్మ అన్నంల కలిపేది, అన్నది,
దీనికి కొంచెం ఉప్పు పడాలె.

మార్చిల నా వీసా అయిపోతది.
నలభై మూడో దానికి
ఇంకో జానెడు ఎత్తు కంప కావాలె.