వెనక పద్దు

వారమంతా పళ్లు చేస్తాను.
కుతైసిలో, సందు చివర, ఒంటి కిటికీ గదిలో
ఎవరివో చిగుళ్ల అచ్చులు ముందేసుకుని
మైనం కరిగించి, ఆకురాయితో అరగదీసి
ఇంకా ఎవరూ నవ్వని నవ్వుల్ని
వరసగా ఆరబెడతాను.
డాక్టరు పంపే చీటీ మీద అంకె ఉంటుంది,
పేరుండదు.

ఆదివారం మాత్రం
మెడలో పాత జెనిత్ కెమెరా వేలాడేసుకుని
బయటపడతాను.
మా ఆవిడ లమారా అంటుంది:
"గడప దాటితే నీకు ముప్పయ్యారు కళ్లు,
ఇంట్లో కుళాయి కారుతుంటే ఒక్కటీ లేదు."
నిజమే. కాదనను.

ఓసారి చియాతుర దాకా పోయాను,
మర్ష్రూత్కా బండి వెనక సీట్లో,
నా మోకాళ్ల మీద ఎవరిదో కోడిపుంజు.
గనివాళ్లను కొండకెక్కించే తుప్పు తొట్టెలు
అక్కడ తీగల మీద ఊగుతుంటే
అందరూ వెళ్లి తీసేవారు.
నేనూ తీశాను, పదకొండు ఫ్రేములు.
పదకొండూ పోస్టుకార్డుల్లా బిగుసుకుపోయాయి.
పన్నెండోది చెయ్యి జారి నొక్కుకుంది:
టికెట్ల మనిషి బూటు విప్పి
అందులోంచి గులకరాయి దులుపుతున్నాడు.
ఆ రాయి ఇంకా గాల్లోనే ఉంది.
ఇన్నేళ్లయినా నేల మీద పడలేదు.

అప్పట్నుంచి దూరాలు తగ్గించాను.
మా ఊరి బజారు చాలు.

మొదట్లో తిట్టేవారు.
చేపలమ్మే గెలా అయితే కత్తి పైకెత్తి
"తీస్తే నా చేపకి ఒక పొలుసైనా పెరుగుతుందా?
అది చెప్పి తియ్యి" అని.
తర్వాత అలవాటైపోయాను,
వీధి కుక్కలాగ, కారే చూరులాగ.
ఎవరి కంటికీ ఆనకపోవడం ఈ పనిలో సగం విద్య.
మిగతా సగమేమిటో
నాకింకా అంతు చిక్కలేదు.

మార్చిలో, వాన వెలిసిన పూట,
ఉప్పునీళ్లోడే సుల్గుని చీజు చక్రాల వెనక
ఎతేరి ఎవరి మాటకో
పడీ పడీ నవ్వింది.
ఎప్పుడూ నోటికి చెయ్యడ్డం పెట్టుకునే మనిషి,
ఆ పూట పెట్టుకోలేదు.
అద్దంలోంచి నాకు ముందు కనబడింది ఆమె కాదు,
పై వరసలో ఎడమ కోరపన్ను.

అది నాదే.
నిరుడు, చీటీ మీద నలభై ఏడు.
కాస్త వంకరగా వదిలేశాను, కావాలనే.
మరీ తిన్నగా ఉంటే పళ్లు అబద్ధమాడతాయి.
డాక్టరు గునిశాడు గానీ
ఆ నోటికి నప్పిందన్నమాట.

ఆశ్చర్యంలో వేలు ఆలస్యమైంది.
నొక్కేసరికి నవ్వు అయిపోవచ్చింది.
అంచు దొరికింది,
వాన వెలిశాక చూరుకి మిగిలే చుక్కంత.

స్నానాల గదిలో ఎర్రదీపం కింద కడిగి
వచ్చే ఆదివారం తీసుకెళ్లి ఇచ్చాను.
దూరంగా పెట్టి చూసింది, దగ్గరగా పెట్టి చూసింది.
"ముసల్దాన్ని చేశావు.
చీజులు మాత్రం బాగా పడ్డాయి."
ఆ కోరపన్ను సంగతి చెబుదామనుకున్నాను.
మాట నాలిక చివరిదాకా వచ్చి
పళ్ల దగ్గర ఆగిపోయింది.

ఆమె ఫొటో వెనక్కి తిప్పింది.
తెల్లగా, నున్నగా, ఎంత చోటో!
పెన్సిలు మొన నాలికకి తడిపి రాసుకుంది:
మజియా, రెండు చక్రాలు.
లెక్కల మేష్టారు, ఒకటి; పోయిన నెలదీ అలాగే ఉంది.
బొగ్గులాయన, అర.
రాసి, మేకుకి గుచ్చింది.

ఇప్పుడా నవ్వు గోడకేసి తిరిగి ఉంది.
జనమంతా చదివేది వెనకవైపే.
నాకు కోపం రావాల్సింది. రాలేదు.

మొన్న పర్సు మరిచిపోయి వెళ్లాను.
"పట్టుకుపో, ఎక్కడికి పోతావు" అని
కాగితంలో చుట్టిచ్చి
బొగ్గులాయన కింద కొత్త వరస గీకింది:
ఫొటోలాయన, అర చక్రం.

లమారా తిని, ఉప్పెక్కువంది.
కుళాయి ఇంకా కారుతోంది.
జేబులో డబ్బుంది, ఈ ఆదివారం తీర్చెయ్యొచ్చు.
కానీ తీరిస్తే
కొట్టేస్తుంది కదా.